పెరట్లో హ్యాక్‌బెర్రీ చెట్టు: కొట్టించాలా, ఉంచాలా? పళ్లు తినొచ్చా?

కొత్తపెరడు అడిగారు:

అందరికీ నమస్కారం. ఈ వేసవిలోనే అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక పాత ఇల్లు కొనుక్కుని వచ్చాం. పెరట్లో కంచె వారగా పెద్ద చెట్టు ఒకటి ఉంది. ఇంటికన్నా చాలా ఎత్తు. బెరడు బూడిద రంగు, దాని నిండా గట్టి గట్టి బుడిపెలు. కొన్నిచోట్ల అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి నిలువు గట్లలా లేచాయి. ఆకు అంచున రంపపు పళ్లు ఉన్నాయి, కాడ దగ్గర ఆకు రెండు పక్కలూ సమంగా లేవు. ఫోన్‌లో ఫోటో పెట్టి చూస్తే హ్యాక్‌బెర్రీ అని చెప్పింది.

ఎండు కొమ్మలు తీయించుదామని చెట్లు కొట్టే వాళ్లని పిలిపిస్తే, వాళ్లు వచ్చి చూసి "ఇది చెత్త చెట్టు, మొత్తం తీసేయడమే మంచిది" అన్నారు. ఆకుల అడుగున ఉన్న బుడిపెలు చూపించి జబ్బు పట్టిందన్నారు. కొమ్మల చివర్లలో చీపురు కట్టల్లా గుబురుగా పెరిగిన చోట్లు చూపించి అది కూడా జబ్బే అన్నారు. మా ఆయనకి అప్పటి నుంచీ టెన్షన్, గాలివాన వస్తే ఇంటి మీద పడుతుందేమోనని.

నాకు మాత్రం కొట్టించబుద్ధి కావడం లేదు. పెరడంతటికీ నీడ అదే. ఇప్పుడు సెప్టెంబర్ చివర్లో పళ్లు రంగు మారుతున్నాయి. మా పిల్లలు కింద పడ్డవి ఏరుకుని నోట్లో వేసుకుంటుంటే చూసి గబగబా ఉమ్మేయించాను. నా ప్రశ్నలు ఇవీ: ఈ పళ్లు నిజంగా తినొచ్చా? తింటే ఎలా? ఆ బుడిపెల వల్ల చెట్టు చచ్చిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

---

ఆకుపచ్చ_కాగితం:

మీరు చెప్పిన బెరడు, ఆకు మొదలు రెండూ హ్యాక్‌బెర్రీవే. అయినా పిల్లలు తినే విషయం కాబట్టి ఇంకో గుర్తు చూసుకోండి. హ్యాక్‌బెర్రీ పండు ఒక్కొక్కటిగా, సన్నటి పొడుగాటి కాడకి వేలాడుతుంది. లోపల ఒక్కటే గుండ్రటి గట్టి టెంక. కంచెల వెంబడి మొలిచే బక్‌థార్న్ పళ్లు కూడా నల్లగా దాదాపు అంతే ఉంటాయి. కానీ అవి కొమ్మకి గుత్తులుగా అతుక్కుని ఉంటాయి, చిదిమితే లోపల మూడు నాలుగు గింజలు కనిపిస్తాయి. అవి తింటే కడుపు పాడై విరేచనాలు పట్టుకుంటాయి. పెరట్లో రెండూ ఉన్నాయేమో ఒకసారి చూసుకుని, పిల్లలకి తేడా చూపించండి.

---

గింజలసంచి:

అమ్మా, ఆ చెట్టు జోలికి మటుకు వెళ్లకండి. మీరు ఉన్న చోటికి అంతకన్నా తగిన చెట్టు లేదు. నేను చాలా ఏళ్లుగా ఇక్కడి మైదానాల చెట్ల గింజలు పోగుచేసి మొలిపిస్తున్నాను. ఇంతగా తిట్లు తిన్న మంచి చెట్టుని ఇంకోదాన్ని చూడలేదు.

ముందు జబ్బు సంగతి. ఆకు అడుగున ఉన్న బుడిపెని గోటితో చీల్చి చూడండి. లోపల గుల్లగా ఉంటుంది, అందులో లేత పసుపు రంగు చిన్న పురుగు ఒకటి ఉంటుంది. దాన్ని సిల్లిడ్ అంటారు. వసంతంలో ఆకు విచ్చుకునేటప్పుడు తల్లి పురుగు గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఆకుని పీల్చడం మొదలుపెట్టగానే ఆకు దాని చుట్టూ పెరిగి గూడు కట్టేస్తుంది. వేసవంతా పురుగు అందులోనే ఉండి, సెప్టెంబర్‌లో రెక్కలతో బయటికి వస్తుంది. చెట్టుకి దీనివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. ఆకుకి పది బుడిపెలు ఉన్నా చెట్టు ఆ ఏడు మామూలుగానే పెరుగుతుంది, మామూలుగానే కాస్తుంది. ఎక్కడ చూసినా హ్యాక్‌బెర్రీ ఆకులు ఇలాగే ఉంటాయి.

మిమ్మల్ని విసిగించేది ఇంకోటి ఉంది, ముందే చెబుతున్నా. ఈ పురుగులు చలికాలం బెరడు పగుళ్లలో దాక్కుంటాయి. మీ ఇంటి గోడా కిటికీలూ కూడా వాటికి బెరడులాంటివే. అక్టోబర్‌లో కిటికీ తెరల మీద చిన్న చిన్న సికాడాల్లాంటివి (చెట్ల మీద గీపెట్టే రెక్కల పురుగుల్లాంటివి) కనిపిస్తే అవే. వాటివల్ల ఇంటికీ, బట్టలకీ, తిండికీ ఏ హానీ లేదు. కిటికీ అంచుల్లో సందులు మూసేయండి, లోపలికి వచ్చినవాటిని వాక్యూమ్‌తో తీసేయండి. చెట్టుకి మందు కొట్టించకండి. వేళ్ల దగ్గర పోసే మందులు ఆకులోకి, చెట్టంతా పాకుతాయి. ఆ చెట్టు పండు మీరు తినాలనుకుంటున్నారు.

చీపురు కట్టల సంగతి. అది ఆకుల మీద బతికే ఒక సన్నటి నల్లీ (మంచాల్లో ఉండేది కాదు), ఒక బూడిద తెగులూ కలిసి చేసే పని అని చెబుతారు. మొగ్గలు గిడసబారి, ఒకేచోట నుంచి బోలెడు రెమ్మలు వస్తాయి. ఆకు రాలాక చూడటానికి బాగోదు, అంతే. అందేంత ఎత్తులో ఉన్నవి కోసేయండి, అందనివి వదిలేయండి.

ఇక గాలివాన భయం. మీవారి టెన్షన్‌ని నేను తేలిగ్గా తీసుకోను, ఇంటి పక్కన పెద్ద చెట్టు ఉంటే చూసుకోవాల్సిందే. కానీ 1930లలో దుమ్ము తుఫాన్లు ఈ మైదానాలని ఊడ్చేసినప్పుడు, గాలికి అడ్డం పెట్టడానికి 1935 నుంచి 1942 దాకా ఉత్తర డకోటా మొదలుకుని టెక్సస్ వరకు ప్రభుత్వం 22 కోట్ల చెట్లు నాటించింది. అందుకు ఎంచుకున్న చెట్లలో హ్యాక్‌బెర్రీ ఒకటి. కరవు, సున్నపు నేల, ఎదురుగాలి, గడ్డకట్టే చలి, అన్నీ తట్టుకుంటుందని తెలిసే పెట్టారు. ఆ తరవాత డచ్ ఎల్మ్ తెగులు వచ్చి ఊళ్లలో వీధుల వెంట ఎల్మ్ చెట్లు వరసపెట్టి చచ్చిపోతే, వాటి చోట్లలో చాలా చోట దీన్నే నాటారు. ఎల్మ్‌కి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది గానీ ఆ తెగులు దీనికి పట్టదు.

దీని అసలు బలహీనత దెబ్బలు. బెరడు పైకి అంత గరుకుగా కనిపించినా పలచనిది. గడ్డి కోసే మిషన్ మొదట్లో తగిలితే ఆ గాయంలోంచి కుళ్లు లోపలికి దిగుతుంది, ఓక్ లాగా చెట్టు దాన్ని గట్టిగా మూసుకోలేదు. అందుకని మాను చుట్టూ నాలుగడుగుల మేర గడ్డి తీసేసి చెక్కపొట్టు పరవండి, పొట్టు మానుకి తగలకుండా. మానుకి తొర్రలున్నాయా, మొదట్లో పుట్టగొడుగులు లేస్తున్నాయా, రెండు పెద్ద కొమ్మలు ఇరుకు సందుతో కలిసిన చోట చీలిక ఉందా అని సర్టిఫికెట్ ఉన్న అర్బరిస్ట్‌కి, అంటే చెట్ల నిపుణుడికి, ఒకసారి చూపించండి. చూసి చెప్పినందుకు ఫీజు తీసుకునేవాణ్ణి పిలవండి, కొట్టినందుకు తీసుకునేవాణ్ణి కాదు. ఎండు కొమ్మలు చలికాలంలో తీయించండి.

ఇప్పుడు పండు. తినొచ్చు, నిశ్చింతగా తినొచ్చు. పిల్లలు ఉమ్మేసింది మంచి పండే. తోలు, దాని కింద గోధుమ రంగులో కాగితమంత మందాన పొడిపొడిగా గుజ్జు, దాని కింద టెంక. గుజ్జు ఖర్జూరం రుచి. ఆ గుజ్జు కొంచెమే ఉండటం చూసి "దీనిలో తినడానికి ఏముంది" అని వదిలేస్తారు. అక్కడే పొరపాటు. దీన్ని చెర్రీ తిన్నట్టు చప్పరించి గింజ ఊసేసే పండు అనుకోకూడదు. టెంకతో సహా దంచుకుని తినే పండు ఇది. టెంక లోపల పప్పుంది, పప్పులో నూనె ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. తీపి బయట, కొవ్వు లోపల, రెండూ ఒక్క పండులోనే. ఈ నేల మీద ముందునుంచీ ఉన్నవాళ్లకి అది తెలుసు. డకోటా తెగవాళ్లు పళ్లని గింజలతో సహా మెత్తగా దంచి మాంసంలో రుచికి వేసుకునేవాళ్లు. పానీలు దంచిన పిండిలో కొంచెం కొవ్వు, వేయించిన మొక్కజొన్న కలుపుకునేవాళ్లు. కొమాంచీలు గుజ్జుచేసి, కొవ్వు కలిపి ఉండలు కట్టి నిప్పు మీద కాల్చేవాళ్లు. మూడు తెగలు, మూడు వంటలు, ఎవరూ టెంకని పారేయలేదు.

పిల్లలకి ఒక్కటే చెప్పండి: కొరకొద్దు. టెంక రాయిలాంటిది, పన్ను విరుగుతుంది. చప్పరించి ఊసేయడం వరకు ఇబ్బంది లేదు. మరీ చిన్నపిల్లలైతే గొంతుకి అడ్డం పడకుండా దగ్గరుండి చూసుకోండి.

---

కొత్తపెరడు:

గింజలసంచి గారూ, చాలా చాలా థాంక్స్. మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. అర్బరిస్ట్‌ని పిలవడానికి ఒప్పుకున్నారు, కొట్టించే మాట పక్కన పెట్టారు. బుడిపె కోసి చూశాను. మీరు చెప్పినట్టే లోపల పురుగుంది, నా వేలు తగలగానే కదిలింది కూడా. పిల్లలు భూతద్దం తెచ్చుకుని కూర్చున్నారు.

ఇంకో రెండు సందేహాలు. పండు పండిందని ఎలా తెలుస్తుంది? కొన్ని నారింజ రంగులో ఉన్నాయి, కొన్ని ఊదా రంగులోకి తిరిగాయి. దంచాలంటే మా ఇంట్లో రోలు లేదు, మిక్సీ ఉంది. అందులో వేస్తే పాడవుతుందా? ఇంకోటి, ఈ గింజలతోనే పెరడు అవతలి మూల ఒక మొక్క పెంచాలని ఉంది. అవుతుందా?

---

టెక్సస్_నీడ:

గింజలసంచి గారు ఉత్తరం వైపు చెట్టు గురించి చెప్పారు. మా వైపు, దక్షిణాన ఉండేది దీని చెల్లెలు, షుగర్‌బెర్రీ అంటారు. ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది, అంచున పళ్లు దాదాపుగా ఉండవు. పండు నారింజ ఎరుపు రంగులోనే పండుతుంది, నల్లబడే దాకా ఆగక్కర్లేదు. ఇక్కడ కూడా అందరూ చెత్త చెట్టనే అంటారు. కంచె పొడుగునా వాటంతట అవే మొలుస్తాయి. పిట్టలు తీగ మీద కూర్చుని పళ్లు తిని గింజలు కింద వేస్తాయి కదా, అందుకని.

మా దగ్గర ఉన్న బాధ ఒకటి చెప్పాలి, దక్షిణాన ఉండేవాళ్లు చదివితే పనికొస్తుంది. ఆసియా నుంచి వచ్చిన ఒక రకం పేనుబంక ఈ చెట్లకి పడుతుంది. చూడటానికి దూది పింజల్లా తెల్లగా గాల్లో తేలుతుంటాయి. వేసవి చివర్లో ఆకుల మీంచి జిగురు కారుతుంది. ఆ జిగురు మీద నల్ల మసి బూజు పట్టి కార్లూ, బల్లలూ, కాలిబాటా అన్నీ నల్లగా అయిపోతాయి. చెట్టు చావదు గానీ కింద కారు పెట్టుకోలేం. నేను కారు అటు పెట్టడం మానేశాను, బల్లని గొట్టం నీళ్లతో కడుగుతాను. అంతకుమించి ఏం చెయ్యట్లేదు. కొత్తగా నాటేవాళ్లయితే కార్లు పెట్టే చోటికీ, కూర్చునే చోటికీ దూరంగా నాటండి.

ఇంకొకటి బదనిక. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయినా కొమ్మల మధ్య పచ్చటి గుబుర్లు కనిపిస్తే అవి హ్యాక్‌బెర్రీవి కావు. చెట్టు మీద బతికే బదనిక అది. దానికి తెల్లటి చిన్న పళ్లు ఉంటాయి, వాటిని పిల్లల చేతికి రానివ్వకండి. ఆ కాలంలో హ్యాక్‌బెర్రీ పళ్లు కూడా కొమ్మలకే ఉంటాయి కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఇన్ని చెప్పినా నేను మా చెట్టుని ఉంచుకున్నది సీతాకోకచిలుకల కోసం. హ్యాక్‌బెర్రీ ఎంపరర్ అనే గోధుమ రంగు సీతాకోకచిలుక ఉంది, దాని గొంగళిపురుగు ఈ జాతి ఆకులు తప్ప ఇంకోటి తినదు. ముక్కు పొడుగ్గా ఉండే స్నౌట్ సీతాకోకచిలుకదీ అదే దారి. ఎంపరర్‌కి పూలంటే పెద్ద ఇష్టం ఉండదు. కారిన చెట్టు రసం, కుళ్లిన పళ్లు, మనిషి చెమట, వీటి మీదే వాలుతుంది. వేసవిలో పెరట్లో పని చేస్తుంటే నా మోచేతి మీద వాలి, చుట్టుకున్న నాలుకని విప్పి చెమటని తడుముతూ ఎంతసేపైనా కూర్చుంటుంది. చెయ్యి కదిపినా పోదు. స్నౌట్‌లైతే కరవు తరవాత మంచి వానలు పడ్డ ఏడు దక్షిణ టెక్సస్‌లో రోడ్ల మీద మబ్బులా వెళతాయి, కారు రేడియేటర్లు వాటితో నిండిపోతాయి. ఈ చెట్లు కొట్టేస్తే ఆ రెండిటికీ గుడ్లు పెట్టే చోటు ఉండదు.

---

గింజలసంచి:

కారు మాట మంచిదైంది, నేను మర్చిపోయాను. అమ్మా, మీ ప్రశ్నలకి వస్తాను.

పండటం గురించి. మీ చెట్టుకి పండు ముదురు ఊదా రంగుకి, దాదాపు నలుపుకి తిరగాలి. నారింజ రంగులో ఉన్నప్పుడు తీపి ఉంటుంది గానీ కొంచెం వగరు తగులుతుంది. రంగుకన్నా తోలు చూడండి. పండు నున్నగా బిగుతుగా ఉంటే ఇంకా టైముంది. తోలు సన్నగా ముడతలు పడి, నొక్కితే పెళుసుగా చిట్లితే అది పండినట్టు. తొందరేమీ లేదు. ఆకులన్నీ రాలిపోయాక కూడా పళ్లు చలికాలం పొడుగునా కొమ్మలకే వేలాడతాయి, ఆకు అడ్డం లేకపోతే కోయడం ఇంకా సులువు. కాకపోతే అప్పటికి వ్యాక్స్‌వింగ్, రాబిన్ పిట్టలు గుంపులుగా దిగుతాయి, ఒక్క పొద్దులో కొమ్మలు ఖాళీ చేసేస్తాయి. కావలసినన్ని ముందే తీసుకోండి. కింద పాత దుప్పటి పరిచి, అందే కొమ్మని కర్రతో మెల్లగా తడితే రాలతాయి. రెమ్మలూ ఆకులూ ఏరేసి కడగండి, ఆరబెట్టి గాజు సీసాలో వేసుకోండి. తడి తక్కువ కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టకపోయినా చాలాకాలం ఉంటాయి. ఇంత నిలవ ఉండే అడవిపండు అరుదు.

మిక్సీలో నేరుగా వేయకండి. టెంకకి ఆ గట్టిదనం ఎక్కడిదో తెలిస్తే మీకే అర్థమవుతుంది. మామూలు టెంకలు చెక్కలాంటి పదార్థంతో తయారవుతాయి. దీని టెంకలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. గుడ్డు పెంకులోనూ, గవ్వలోనూ ఉండే ఖనిజమే. పిల్లలకి చూపించాలంటే, గుజ్జు కడిగేసిన టెంకని సుత్తితో పగలగొట్టి ఆ ముక్కల్ని గ్లాసు తెల్ల వెనిగర్‌లో వేయండి. వేసిన వెంటనే ముక్కల చుట్టూ సన్నటి బుడగలు దారంలా పైకి లేస్తాయి. దగ్గరగా చూస్తే ముక్క మీద వలలాంటి గీతలు కూడా కనిపిస్తాయి. ఖనిజంతో ఉన్న టెంక కాబట్టే మట్టిలో కుళ్లదు. టర్కీలోని చాతల్‌హూయుక్ ఊరిదిబ్బలో, దాదాపు తొమ్మిది వేల ఏళ్లనాటి పొరల్లో హ్యాక్‌బెర్రీ టెంకలు దొరికాయి. చైనాలో పెకింగ్ మనిషి అనే ఆదిమానవుడి ఎముకలు బయటపడ్డ జౌకౌడియన్ గుహలోనూ దొరికాయి. ఆ గుహలోవి మనుషులే తిన్నారా, జంతువులు తెచ్చి పడేశాయా అన్న చర్చ ఉంది. టెంక మటుకు చెక్కుచెదరకుండా ఉంది.

అలాంటిదాన్ని మిక్సీలో వేస్తే బ్లేడు మొండి అవుతుంది, ప్లాస్టిక్ జార్ అయితే లోపల గీతలు పడతాయి. మందపాటి గుడ్డ సంచిలో కొంచెం కొంచెం వేసి కాంక్రీటు గచ్చు మీద పెట్టి సుత్తితో నలగ్గొట్టండి. రవ్వలా అయ్యాక మిక్సీలో వేసుకోవచ్చు. రాతి రోలు దొరికితే అదే అన్నిటికన్నా మంచిది. ఎండిన పండు దంచితే పొడి అవ్వదు, పప్పులో నూనె ఊరి ముద్దలా అంటుకుంటుంది. అలా అంటుకుందంటే సరిగ్గా నలిగినట్టు.

ఆ ముద్దతో నేను చేసేది పాలు. ఒక కప్పు దంచిన ముద్దకి మూడు కప్పుల నీళ్లు పోసి, సన్న సెగ మీద పావుగంట అలా తిప్పుతూ కాచండి. మధ్యలో చెంచాతో గిన్నె అడుగు గీకితే కరకరమంటుంది, అది టెంక ఇసుక. దింపి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే ఇసుక కిందికి దిగుతుంది. పైనున్నదాన్ని సన్నటి గుడ్డలోంచి వడకట్టి గట్టిగా పిండండి. లేత గోధుమ రంగులో చిక్కటి పాలు వస్తాయి. చక్కెర అక్కర్లేదు. మొదటి గుక్కలో ఖర్జూరం, మింగాక బాదం లాంటి కమ్మదనం. ఒకటికి రెండుసార్లు వడకట్టండి, లేకపోతే గ్లాసు అడుగున ఇసుక పళ్లకి తగులుతుంది. వేడిగా బాగుంటుంది, చల్లగా ఇంకా బాగుంటుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తాగేయండి.

మొదటిసారి కొంచెమే తాగండి, పిల్లలకైతే రెండు చెంచాలు చాలు. కొత్త అడవితిండి ఏదైనా ఒంటికి పడుతుందో లేదో చూసుకుని పెంచాలి.

ఇప్పుడు మొక్క. తప్పకుండా అవుతుంది. ముందు గుజ్జు పూర్తిగా తీసేయండి. పళ్లని నీళ్లలో నానబెట్టి గరుకు జల్లెడ మీద రుద్దితే పోతుంది. గుజ్జు ఉంటే మొలక తక్కువ. ఈ గింజకి చలి తగలందే మొలవదు. సులువైన దారి ఏంటంటే, ఇప్పుడే ఫాల్‌లో, అంటే ఆకులు రాలే కాలంలో, అర అంగుళం లోతున విత్తి, మీద రాలిన ఆకులు కప్పి, ఉడతలూ ఎలుకలూ తవ్వకుండా ఇనప జల్లెడ బిగించడం. నెబ్రాస్కా చలి మిగతా పని చేసేస్తుంది. అలా వీల్లేకపోతే తడి ఇసుకలో కలిపి జిప్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు నెలలు ఉంచి, వసంతంలో విత్తండి. కావలసినదానికన్నా ఎక్కువ వేయండి, అన్నీ మొలవవు.

మొలిచాక మొదటి రెండు మూడేళ్లు కొంచెం పని ఉంటుంది. హ్యాక్‌బెర్రీ మొక్క చిన్నప్పుడు వంకరటింకరగా, ఎటు పడితే అటు కొమ్మలేస్తుంది. ఒక్క నిటారు కొమ్మని తలగా ఎంచుకుని, దానికి పోటీ వచ్చేవాటిని ప్రతి చలికాలం చివర్లో కత్తిరించండి. చిన్నప్పుడు ఈ పని చేస్తే పెద్దయ్యాక చీలిపోయే జంట మానులు ఉండవు, మీవారు భయపడే రకం చెట్టు అవ్వదు. మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి లోతుగా నీళ్లు పెట్టండి. ఆ తరవాత దానికి మీ నీళ్ల అవసరం పెద్దగా ఉండదు. ఎరువు అసలు వద్దు.

పండు కోసం మాత్రం ఓపిక పట్టాలి. గింజ నుంచి పెంచిన చెట్టు కాపుకి రావడానికి దగ్గరదగ్గర పదిహేనేళ్లు పడుతుంది. జంట కోసం రెండో చెట్టు అక్కర్లేదు. మగ పూలూ, ఆడ పూలూ, రెండూ కలిసిన పూలూ ఒకే చెట్టుకి పూస్తాయి, గాలి వాటిని కలుపుతుంది. ఆ పూలు కళ్లకి ఆనవు. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో, ఆకు విచ్చుకునేటప్పుడు రెమ్మల మొదట్లో ఆకుపచ్చగా ఉంటాయి. అప్పుడు తుమ్ములు వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే చూసుకోండి, పుప్పొడి పడనివాళ్లు కొందరు ఉంటారు.

---

ఆకుపచ్చ_కాగితం:

ఇంత వివరం ఇంకెక్కడా చూడలేదు. గింజలసంచి గారూ, మా పెరడు చాలా చిన్నది. మామూలు హ్యాక్‌బెర్రీ పట్టదు. పొట్టి రకం ఏమైనా ఉందా?

---

గింజలసంచి:

ఉందండి. డ్వార్ఫ్ హ్యాక్‌బెర్రీ అని వేరే జాతి. రాళ్ల గుట్టల మీద, పలచటి మట్టిలో పొదలాగా పెరుగుతుంది. పండు నారింజ నుంచి ఇటుక రంగు దాకా ఉంటుంది, అదీ తినొచ్చు. మామూలు నర్సరీల్లో దాదాపు దొరకదు, స్థానిక చెట్లు మాత్రమే అమ్మే నర్సరీలని అడగండి. కొనేముందు లేబుల్ మీద శాస్త్రీయ నామం సెల్టిస్ టెన్యుఫోలియా అని ఉందో లేదో చూసుకోండి. పిల్ల మొక్క దశలో రెండూ ఒకేలా ఉంటాయి.

కొత్తపెరడు గారికి ఇంకొక్క మాట. అవతలి మూల అన్నారు కదా, కరెంటు తీగలు అటు వెళుతున్నాయా చూడండి. పెద్దయ్యాక 40 నుంచి 60 అడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు వస్తుంది. తీగల కింద నాటితే కరెంటు వాళ్లు వచ్చి మధ్యలోంచి కొమ్మలు నరికేస్తారు. ఇంటి గోడకి కనీసం 25 అడుగులు వదలండి.

---

కొత్తపెరడు:

తీగలు ముందు వీధి వైపు ఉన్నాయండి, వెనక మూల ఖాళీయే. ఈ శనివారం దుప్పటి పరిచి పళ్లు రాలుస్తున్నాం. వెనిగర్ గ్లాసు పిల్లలు ఇప్పటికే సిద్ధం చేసుకున్నారు. ఇనప జల్లెడ కొనాలి, ఎంత సన్న కన్నులది తీసుకోను?

---

గింజలసంచి:

పావు అంగుళం కన్నులది. అర అంగుళంది అయితే ఎలుక దూరుతుంది. అంచులు మట్టిలోకి మూడు నాలుగు అంగుళాలు దింపండి. మొలకలు కనిపించగానే ఏప్రిల్‌లో తీసేయండి, లేకపోతే తలలు కన్నుల్లో ఇరుక్కుంటాయి.